పేరు కోరని పనిమంతుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఈ ప్రత్యేక సంచికలో మన సభ్యులకు, వారి కుటుంబాలకు పరిచయం చేయదలచిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన మన ప్రాంతం వారు కారు. నాగార్జునసాగర్ డ్యాముకు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేసేనాటికే ఆయన కన్నుమూసి ఏడేళ్ళు దాటింది. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఏ మందుల షాపుకు వెళ్ళినా ఆయన శ్రమఫలం ఏదో ఒక అరలో కనబడుతుంది. రక్తహీనతకు వేసుకునే ఫోలిక్ యాసిడ్, కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు ఇచ్చే డీఈసీ, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్కులు – వీటన్నిటి వెనుకా ఆయన నడిపిన ప్రయోగశాల ఉంది. మాత్రలు మింగే మనకు మాత్రం ఆ పేరు తెలిసింది తక్కువ.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ గారు, తండ్రి జగన్నాథం గారు. ఏడుగురు సంతానంలో నాలుగోవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఇల్లు గడవడం కష్టమైంది. చదువు మీద మనసు నిలవని సుబ్బారావు, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. పిల్లవాడు ఒకటి రెండుసార్లు తప్పగానే ఆశ వదులుకునే తల్లిదండ్రులు గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ ముగించి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఫీజులకు సాయపడ్డారు. ఆ సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారితోనే 1919 మే 10న ఆయన వివాహం జరిగింది. గాంధీగారి పిలుపు విని, ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులే వేసుకుని వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రావలసిన విద్యార్థికి దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రమే చేతికొచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగమూ దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే లెక్చరరుగా చేరారు.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో అన్న, తమ్ముడు కొద్దిరోజుల తేడాలోనే చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం పలచబడి మనిషి చిక్కి శల్యమయ్యే వ్యాధి అది. డాక్టరు చదువు చదివి కూడా ఏమీ చేయలేని నిస్సహాయత ఆయనకు మిగిలింది. ఆ రోజుల్లో దానికి మందు ఎవరి దగ్గరా లేదు.

అమెరికా ప్రయాణం

కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారు ఇచ్చిన సొమ్ముతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, తిండి ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరు పని చేశారు. ఇక్కడ విడిచి వెళ్ళిన భార్యను మళ్ళీ చూసే రోజు రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన మగబిడ్డ నెలల పసివాడుగానే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు.

డిప్లొమా తరువాత హార్వర్డ్ జీవరసాయన శాఖలో చేరి, సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో, రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రచురించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో అది తరాల తరబడి బయోకెమిస్ట్రీ విద్యార్థుల పాఠమైంది. ఆ కొలతతోనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. మనం చేయి ఎత్తినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తికి ఏటీపీ చిల్లర డబ్బు వంటిది. 1930లో సుబ్బారావు గారికి పీహెచ్.డి. వచ్చింది. కాని హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

మందుల కార్ఖానాలో

1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థకు మారారు. త్వరలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు. ఇక్కడే ఆయన పాత గాయానికి జవాబు దొరికింది.

1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని గమనించారు. ఈస్టులోని ఆ పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. లెడర్లీలో స్టాక్‌స్టాడ్ మొదలైన సహచరులు లివరు నుంచి దాన్ని వేరుచేశారు. ఏ మోతాదులో ఉందో కొలవడానికి వారు ఒక బాక్టీరియాను వాడారు. ఆ పదార్థం ఉంటేనే అది పెరుగుతుంది కనుక, పెరుగుదలే తూకపు రాయి అయింది. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని రసాయనికంగా తయారు చేయగలిగింది. అదే ఫోలిక్ యాసిడ్. వైద్యులు వాడి చూస్తే స్ప్రూ రోగుల రక్తహీనత తగ్గి, వారు కోలుకున్నారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు వచ్చింది, పాతికేళ్ళు ఆలస్యంగా.

అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్, రక్తక్యాన్సరుతో ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనబడింది. పెంచేది ఫోలిక్ యాసిడ్ అయితే, దానికి అడ్డుపడేది జబ్బును ఆపాలి కదా అని ఆయనకు తోచింది. తాళంలో దూరి తిరగని దొంగ తాళంచెవి వంటి పదార్థాన్ని సుబ్బారావు గారి బృందం చేసి పంపింది. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కాని అప్పటిదాకా చేతులెత్తేసిన చోట, మందుతో రక్తక్యాన్సరును వెనక్కి నెట్టవచ్చునని తేలింది.

దాని చెల్లెలు వంటిదే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ అనే వైద్యులు గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సరును ఆ మందుతోనే నయం చేశారు. ఇప్పుడు మంచి వైద్యం అందుబాటులో ఉన్న చోట, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్తక్యాన్సరు నూటికి 80 మందికి పైగా నయమవుతోంది. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ నేటికీ ఒక భాగం. ఇదే మందును తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి ఇస్తారు. మన సభ్యుల్లో దీన్ని వాడేవారు ఒక జాగ్రత్త పాటించాలి. కీళ్ళవాతానికి ఇది వారానికి ఒక్కసారి, డాక్టరు చెప్పిన రోజున మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దానితోపాటు ఫోలిక్ యాసిడ్ రాయడం కూడా పరిపాటి. ఒకే మనిషి పర్యవేక్షణలో పుట్టిన రెండు మందులు ఒకే చీటీ మీద కలుస్తున్నాయన్న మాట.

బోదకాలు పురుగుల పిల్లలను రక్తంలో చంపే డీఈసీ మందు 1947లో ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. ముదిరిన వాపును అది పోగొట్టదు. రోగి రక్తం నుంచి దోమ ద్వారా మరొకరికి అంటకుండా ఆపుతుంది. పాత నల్లగొండ జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్రలు అవే.

మట్టి, ఎముక

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిని, వయసు 70 దాటాక లెడర్లీలో పనికి తీసుకున్నారు. వేలాది మట్టి నమూనాలు పరీక్షించిన డగ్గర్, 1945లో మిస్సోరీలోని ఒక పొలం మట్టి నుంచి బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. దాని నుంచి వచ్చినదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు. 1948 జులైలో లోకానికి వెల్లడయ్యేనాటికి డగ్గర్ వయసు 75 దాటింది. పదవీ విరమణతో పని అయిపోయిందనుకునే వారికి ఇంతకన్నా వేరే ధైర్యవచనం అక్కరలేదు.

ఈ మందుకు సంబంధించి మన సాగర్ వారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. జలాశయం నిండక ముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో విహారాలతోపాటు బృహత్ శిలాయుగపు సమాధులు కూడా బయటపడ్డాయి. పాత ఎముకలు ఏం చెబుతాయని చాలామంది అనుకుంటాం. ఆఫ్రికాలోని సూడాన్ దేశంలో దొరికిన సుమారు 1600 ఏళ్ళనాటి ఎముకలను అతినీలలోహిత కాంతిలో చూస్తే పసుపుపచ్చగా మెరిశాయి. టెట్రాసైక్లిన్ సున్నంతో కలిసి ఎముకలో నిలిచిపోయి అలా మెరుస్తుంది. 1980లో ఈ సంగతి ప్రచురించినప్పుడు కొందరు నమ్మలేదు. 2010లో రసాయన పరీక్షతో రుజువైంది. ఆ కాలపు జనం తాగిన ధాన్యపు కల్లులో ఆ జాతి సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం. పెర్ల్ రివర్ ప్రయోగశాలలో మొదలైన దారి చివరకు పురావస్తు శాస్త్రాన్ని కూడా తాకింది.

ముగింపు

ఆరియోమైసిన్ వెల్లడైన మరుసటి నెలలోనే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వయసు 53. మనలో చాలామంది 58 ఏళ్ళకు రిటైరయ్యాం. ఆయనకు ఆ వయసు కూడా రాలేదు. 1946లో అమెరికా పౌరసత్వానికి చట్టం దారి ఇచ్చినా తీసుకోలేదు. నోబెల్ బహుమతి రాలేదు. మందుల వార్తలు వెలువడినప్పుడు సహచరుల పేర్లే ముందు నిలిచాయి. ఆయన వెనుక వరుసలోనే ఉండిపోయారు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరం 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఇవన్నీ ఆయన చూడని గౌరవాలు. ఆ కీర్తి వెనుక, ఎదురుచూపులతోనే జీవితం గడిపిన శేషగిరి గారి త్యాగాన్నీ మరువరాదు.

సాగర్ డ్యాముకు రాయి మోసిన వేలాదిమంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. అయినా ఎడమ కాలువలోనూ కుడి కాలువలోనూ నీళ్ళు పారుతున్నాయి. సుబ్బారావు గారి పనీ అటువంటిదే. సభ్య మిత్రులు ఈ సంచిక చదివాక, ఇంట్లో చదువుకునే మనవలకు, మనవరాళ్ళకు ఈ మహనీయుని కథ ఒక్కసారి చెప్పవలసిందిగా కోరుతున్నాము. మూడోసారికి మెట్రిక్ పాసైన సంగతి వదలకుండా చెప్పండి.