ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్

సాక్ష్యం చెప్పవలసి వచ్చినప్పుడు అది తమకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం వైపే నిలబడాలని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తుంది. ఈ ఆదేశాన్ని పత్రికాముఖంగా పాటించిన తెలుగునాటి ముస్లిం యువకుడు మర్హూమ్ షోయబుల్లా ఖాన్. ఆయన ప్రాణాలర్పించిన సంగతి చాలామందికి తెలుసు. ఆ పత్రిక ఎవరి డబ్బుతో నడిచిందో తెలిసినవారు తక్కువ.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబర్ 17న నాటి వరంగల్ జిల్లా మహబూబాబాద్ ప్రాంతంలోని శుభ్రవేడులో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ నిజాం రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కుమారుడి ముఖంలో గాంధీజీ పోలికలు ఉన్నాయని ఆయన ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలుచుకునేవారట. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్న యువకుడికి ఆ రోజుల్లో సర్కారు కొలువు అందని పండేమీ కాదు. ఆయన మాత్రం కలం పట్టారు. మొదట ఒక పత్రికలో రాశారు. దాన్ని ప్రభుత్వం మూయించింది. తరువాత మందుముల నరసింగరావు నడిపే ఉర్దూ దినపత్రిక రయ్యత్‌లో చేరారు. దానికీ అదే గతి పట్టింది.

రెండు పత్రికలు కళ్ళెదుటే మూతపడ్డాక మరొకరైతే వేరే బతుకుతెరువు చూసుకునేవారు. షోయబుల్లా ఖాన్ సొంత పత్రిక పెట్టారు. 1947 నవంబర్ 15న ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం.

పత్రిక అంటే కాగితం, సిరా, కాతిబు కూలి, అచ్చు ఖర్చు. దర్బారు దయతో నడిచే పత్రిక దర్బారును ప్రశ్నించలేదు. అందువల్ల ఆయన తల్లి, భార్య తమ నగలు ఇచ్చేశారు. బూర్గుల రామకృష్ణారావు వంటి మిత్రులు అండగా నిలిచారు. తల్లి మెడలోని బంగారం తెల్లవారేసరికి అచ్చు అక్షరమై వీధిలోకి వచ్చిందన్నమాట!

ఇక్కడ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠక సోదర సోదరీమణులను ఒక మాట అడగాలి. ఈ మూడు ఊళ్ళూ నాటి కరీంనగర్ జిల్లాలో, అదే నిజాం రాజ్యంలో ఉన్నవే. ఇక్కడ బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళ కూలి గురించి, మరమగ్గాల కార్మికుల అప్పుల గురించి, గల్ఫ్ వెళ్ళి చిక్కుకున్న కొడుకుల గురించి రాయాలంటే ఊళ్ళోనే ఉండి, ఊరివాళ్ళ చందాతో బతికే పత్రిక కావాలి. ప్రకటనలిచ్చే పెద్దమనిషి ఆ వార్తలకు డబ్బు ఇవ్వడు. పెళ్ళి పందిరికి వేలు ఖర్చుచేసే మనం ఏడాది చందా అనగానే చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఒకవేళ చందా కట్టినా, మన జమాతుకు నచ్చని మాట ఒక్కటి అచ్చయితే మరుసటి ఏడాది కూడా కడతామా? షోయబుల్లా ఖాన్‌కు ఎదురైన పరీక్ష సరిగ్గా ఇదే.

ఆయన రజాకార్ల దౌర్జన్యాలను ఖండించారు. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో చేరాలని, బాధ్యతాయుత ప్రభుత్వం రావాలని రాశారు. బెదిరింపు ఉత్తరాలు వచ్చినా దారి మార్చలేదు. 1948 ఆగస్టులో బాఖర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా తదితర ఏడుగురు ముస్లిం ప్రముఖులు యూనియన్‌లో చేరడమే మేలని ఒక ప్రకటన చేశారు. ముస్లింలలోనే వేరొక అభిప్రాయం ఉందని చెప్పే ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసింది. ఆగస్టు 19న జమురుద్ మహల్ సభలో ఖాసిం రజ్వీ వ్యతిరేకుల చేతులు నరికివేస్తామని హెచ్చరించాడు.

ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక షోయబుల్లా ఖాన్ పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడలోని ఇంటికి నడిచి వెళుతున్నారు. లింగంపల్లి చౌరస్తా దగ్గర దుండగులు అటకాయించి తుపాకీతో కాల్చారు. రాసే చేతిని నరికారు. అడ్డువచ్చిన ఇస్మాయిల్ ఖాన్ చేతిని కూడా నరికారు. ఆగస్టు 22 తెల్లవారుజామున షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఇమ్రోజ్ వయసు తొమ్మిది నెలలు.

నాలుగు వారాలైనా తిరగకముందే సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ వెనువెంటనే, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లింలు వేల సంఖ్యలో హతమయ్యారు. సొంతవారి తప్పును ధైర్యంగా రాసిన మనిషి బతికివుంటే ఈ అన్యాయాన్ని రాసే అర్హత ఆయనకే ఎక్కువగా ఉండేది. ఆయన మాటను కాదనడం ఢిల్లీకి కూడా కష్టమయ్యేది. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, పయామ్ పత్రిక స్థాపకుడు ఖాజీ అబ్దుల్ గఫార్ ఊరూరా తిరిగి విచారించారు. మృతుల సంఖ్య తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని లెక్కగట్టి నివేదిక ఇచ్చారు. అది అప్పట్లో అచ్చు కాకుండా ప్రభుత్వ బీరువాలోకి వెళ్ళింది. జనం దాన్ని పూర్తిగా చదవగలిగింది 2013 ప్రాంతంలో.