వంటగదిలో దొరికిన మందు: డాక్టర్ జాన్ కేడ్ జీవితం

కదిరి బస్టాండులో తెల్లవారుజామున బెంగళూరు బస్సు కోసం నిలబడేవాళ్లలో ఇంటర్వ్యూ ఫైలు పట్టుకున్న కుర్రాళ్లు ఉంటారు. వాళ్ల పక్కనే ఇంకో రకం ఫైలు పట్టుకున్నవాళ్లూ ఉంటారు. అది నిమ్హాన్స్ ఫైలు. మొదటివాళ్లు ఎక్కడికి పోతున్నదీ వీధి వీధికీ తెలుసు. రెండోవాళ్లు పక్కింటివాళ్లకు కూడా చెప్పరు. చుట్టాలింటికి అంటారు, పెళ్లికి అంటారు. ఒక్కోసారి ఆ రెండు ఫైళ్లూ ఒకే కుర్రాడి సంచిలో ఉంటాయి.

ఆ రెండో ఫైలులో కొందరి మందుల చీటీ మీద లిథియం అని రాసి ఉంటుంది. అవును, మన ఫోన్ బ్యాటరీలో ఉండే లిథియమే. కాకపోతే ఇక్కడ దాని లవణాన్ని మాత్రగా ఇస్తారు. బైపోలార్ డిజార్డర్‌కు ఇవాళ్టికీ ముఖ్యమైన మందుల్లో అది ఒకటి. దాన్ని కనిపెట్టినాయన పెద్ద ల్యాబ్ ఉన్న శాస్త్రవేత్తేమీ కాదు. యుద్ధఖైదీగా మూడున్నరేళ్లు పోగొట్టుకుని, ఇంటికొచ్చాక మళ్లీ మొదలుపెట్టిన ఒక మామూలు ఆసుపత్రి డాక్టరు. పేరు జాన్ కేడ్.

ఆసుపత్రి ఆవరణలో బాల్యం

కేడ్ 1912 జనవరి 18న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మర్టోవా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. గోధుమ పండే మెట్టప్రాంతం. తండ్రి డేవిడ్ కేడ్ ఆ ఊరి డాక్టరు. జాన్ పసివాడుగా ఉన్నప్పుడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. తండ్రి సైన్యంలో డాక్టరుగా గల్లిపోలికి, ఆ తర్వాత ఫ్రాన్సుకు వెళ్లాడు. తిరిగొచ్చినాయన వెనకటి మనిషి కాదు. యుద్ధం ఆయన్ని అలసగొట్టేసింది. సొంత ప్రాక్టీసు అమ్మేసి, ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఉద్యోగానికి చేరాడు.

ఆ ఉద్యోగాల్లో డాక్టరు కుటుంబం కూడా ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి. అలా సన్‌బరీ, బీచ్‌వర్త్, మాంట్ పార్క్ ఆసుపత్రుల్లో జాన్ పెరిగాడు. ఊళ్లోవాళ్లు పిచ్చాసుపత్రి అని దూరం జరిగే చోటు ఆ పిల్లాడికి ఇల్లు. అక్కడి రోగులు అతనికి రోజూ పలకరించే మనుషులు. వాళ్లలో కొందరు నెలల తరబడి బాగానే ఉండి, ఉన్నట్టుండి మారిపోవడం, మళ్లీ మామూలు కావడం దగ్గర నుంచి చూశాడు. ఇది మనిషి గుణం కాదు, శరీరంలో ఏదో జరుగుతోందన్న ఆలోచన తర్వాతి రోజుల్లో అతని పరిశోధనకు పునాది అయింది.

మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1934లో డిగ్రీ అందుకున్నాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆసుపత్రిలో పనిచేస్తుండగా తీవ్రమైన న్యుమోనియా వచ్చి చావు అంచుల దాకా వెళ్లాడు. అప్పుడు సేవ చేసిన నర్సు జీన్‌నే 1937లో పెళ్లి చేసుకున్నాడు. తండ్రి బాటలోనే మానసిక వైద్యంలోకి వచ్చాడు.

చాంగీ జైలు

రెండో ప్రపంచయుద్ధంలో కేడ్‌ను సైనిక వైద్యుడిగా సింగపూర్ పంపారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమైంది. అక్కణ్నుంచి 1945 సెప్టెంబరు దాకా ఆయన చాంగీ శిబిరంలో ఖైదీ. తిండి చాలదు, మందులు లేవు. ఆ స్థితిలోనే తోటి ఖైదీలకు వైద్యం చేశాడు.

అక్కడ ఆయన గమనించిన విషయం ఒకటుంది. విటమిన్లు లోపించినవాళ్లలో శరీరమే కాదు, మనసూ దెబ్బతింటోంది. అంటే మనసు జబ్బు వెనక కంటికి కనపడని రసాయనం ఉండొచ్చు. ఆ ఊహను పట్టుకుని, బాగా చిక్కిపోయిన ఒళ్లుతో ఇంటికి చేరాడు. వయసు ముప్పై మూడు. తోటివాళ్లు చదువుల్లో, హోదాల్లో ముందుకు పోయారు. ఈయన చేతిలో ఉన్నది ఒక ప్రశ్న మాత్రమే. గ్యాప్ వచ్చిందని, వయసు దాటిపోతోందని దిగులుపడే మన గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులకు ఈ సంగతి చెప్పి తీరాలి.

అసలు బైపోలార్ అంటే ఏంటి?

ఆ రోజుల్లో దీన్ని మేనిక్ డిప్రెసివ్ జబ్బు అనేవాళ్లు. మనందరికీ సంతోషం, దిగులు వస్తూ పోతూ ఉంటాయి. అది జబ్బు కాదు. పొద్దున నవ్వి సాయంత్రం చిరాకుపడే వాళ్లను బైపోలార్ అనడం కూడా తప్పు.

ఈ జబ్బులో రెండు దశలుంటాయి. ఒకటి మేనియా. వారం, అంతకన్నా ఎక్కువ రోజులు మనిషి ఉరకలేస్తాడు. రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసట ఉండదు. మాట ఆగదు. తనంతటివాడు లేడనిపిస్తుంది. ఉన్న డబ్బంతా ఖర్చుచేస్తాడు, అప్పులు తెచ్చి వ్యాపారం మొదలుపెడతాడు, అడ్డుచెప్తే కోపంతో మీద పడతాడు. ఇంకొంచెం తక్కువ స్థాయిలో, నాలుగైదు రోజులు ఉండేదాన్ని హైపోమేనియా అంటారు. అది చాలాసార్లు జబ్బులా కనపడదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లాడు రాత్రంతా మేలుకుని ఉత్సాహంగా ఉంటే, భలే కష్టపడుతున్నాడని ఇంట్లో మెచ్చుకుంటారు కూడా.

రెండోది కుంగుబాటు. రెండు వారాలు, ఒక్కోసారి నెలల తరబడి దేనిమీదా మనసు నిలవదు. లేవబుద్ధి కాదు, తినబుద్ధి కాదు. తాను పనికిరాననిపిస్తుంది, చచ్చిపోవాలనిపిస్తుంది. ఈసారి ఇంట్లోవాళ్లు సోమరితనం అంటారు. అదే మనిషి, రెండు బిరుదులు. రెండూ తప్పే.

ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది పదిహేను నుంచి పాతికేళ్ల మధ్యలో. అంటే డిగ్రీ, కోచింగ్, తొలి ఉద్యోగం ఉండే వయసులోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 కోట్ల మంది దీంతో బతుకుతున్నారు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో తాయెత్తులతో గడిపే నెలలు చదువునీ ఉద్యోగాన్నీ తినేస్తాయి.

ఇంకో చిక్కుంది. చాలామంది కుంగిపోయినప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఉరకలేసిన రోజుల సంగతి చెప్పరు. డాక్టరు కుంగుబాటు ఒక్కదానికే మందు రాస్తే, కొందరిలో అది మేనియాను రేపగలదు. అందుకే ఆ రోజుల ముచ్చట కూడా తప్పకుండా చెప్పాలి.

పనికిరాని వంటగదే ప్రయోగశాల

మెల్బోర్న్ దగ్గర బండూరాలో మాజీ సైనికుల మానసిక ఆసుపత్రిలో కేడ్ చేరాడు. ఆయన ఊహ ఇది: థైరాయిడ్ ఎక్కువైతే ఒక జబ్బు, తక్కువైతే ఇంకో జబ్బు వస్తాయి కదా. అలాగే ఒంట్లో ఏదో పదార్థం మితిమీరితే మేనియా, తగ్గితే కుంగుబాటు వస్తుండొచ్చు. మితిమీరినది మూత్రంలో దొరకాలి.

ల్యాబ్ లేదు. ఆసుపత్రిలో వాడకుండా వదిలేసిన వంటగది ఒకటుంది. అదే చాలన్నాడు. రోగుల మూత్రం సీసాలు ఇంట్లో ఫ్రిజ్‌లో, కూరగాయల పక్కనే పెట్టేవాడు. ఇంటావిడ ఎంత ఓర్చుకుందో మనం ఊహించుకోవచ్చు. ఆ మూత్రాన్ని గినీ పందులకు ఎక్కించి చూసేవాడు. మేనియా రోగుల మూత్రం తక్కువ మోతాదులోనే ప్రాణం తీస్తున్నట్టు కనిపించింది. యూరిక్ ఆమ్లం దానికి తోడవుతోందా అని అనుమానపడ్డాడు. అది నీళ్లలో సరిగా కరగదు. దాని లవణాల్లో బాగా కరిగేది లిథియం యూరేట్. అలా లిథియం చేతికొచ్చింది.

వింతేమిటంటే, లిథియం కలిపాక విషప్రభావం పెరగలేదు, తగ్గింది. యూరిక్ ఆమ్లం తీసేసి లిథియం కార్బొనేట్ మాత్రమే ఇస్తే, బెదిరి గింజుకునే ఆ జంతువులు రెండు గంటల్లో నెమ్మదించి, వెల్లకిలా పెట్టినా ఊరికే చూస్తూ పడుకున్నాయి. ఆయన మొదటి ఊహ తప్పని తర్వాత తేలింది. గినీ పందులు నెమ్మదించింది మోతాదు ఎక్కువై కావచ్చని కూడా తర్వాతి శాస్త్రవేత్తలు అన్నారు. కానీ వచ్చిన ఫలితాన్ని కేడ్ వదిలేయలేదు. ముందు తానే లిథియం మింగి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. అప్పుడే రోగులకు ఇచ్చాడు.

పనిలోకి తిరిగి వెళ్లిన మనిషి

మొదటి రోగి వయసు యాభై ఒకటి. ఐదేళ్లుగా మేనియాలోనే ఉన్నాడు. వార్డులో అందరికంటే అల్లరి చేసే మనిషని పేరు. బతుకంతా అక్కడే అనుకున్నారు. 1948 మార్చి 29న అతనికి లిథియం మొదలుపెట్టారు. కొన్ని వారాల్లో నిదానించాడు. జులైలో ఇంటికి వెళ్లాడు. వెనకటి ఉద్యోగంలో మళ్లీ చేరాడు.

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ జబ్బుకు సరైన మందు తీసుకున్న మొట్టమొదటి మనిషి చేసిన పని, ఉద్యోగానికి వెళ్లడం. బైపోలార్ ఉంటే పనిచేయలేరనే వాళ్లకు 1948లోనే జవాబు దొరికింది.

కథ అక్కడితో ముగియలేదు. బాగయ్యాను కదా అని ఆయన మందు మానేశాడు. జబ్బు తిరగబెట్టింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ లిథియం. రక్తంలో లిథియం ఎంత ఉందో కొలిచి మోతాదు సరిచూసుకునే పద్ధతి అప్పటికి వైద్యంలో స్థిరపడలేదు. 1950లో అది విషంగా మారి ఆయన చనిపోయాడు.

పది మంది మేనియా రోగుల్లో వచ్చిన మార్పు గురించి కేడ్ రాసిన వ్యాసం 1949 సెప్టెంబరు 3న ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వచ్చింది. అదే ఏడాది అమెరికాలో మామూలు ఉప్పుకు బదులుగా లిథియం ఉప్పు వాడిన గుండె రోగులు కొందరు చనిపోయారు. లిథియం అంటేనే భయపడే రోజులు వచ్చాయి. తన మొదటి రోగి మరణం కేడ్‌ను బాగా కుంగదీసింది. తాను కనిపెట్టిన మందును తానే వాడటం ఆపేశాడు.

దాన్ని నిలబెట్టింది వేరేవాళ్లు. మెల్బోర్న్‌లోనే ట్రాట్నర్ అనే శాస్త్రవేత్త రక్తంలో లిథియం స్థాయిని కొలుస్తూ ఇస్తే ప్రమాదం తగ్గుతుందని చూపాడు. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో పద్ధతిగా పరీక్షించి మందు పనిచేస్తుందని నిరూపించాడు. షౌ సొంత తమ్ముడికే మనసు జబ్బు ఉండేది. లిథియంతో అతను కోలుకున్నాడు. సహజంగా దొరికే లవణం కాబట్టి పేటెంట్ రాదు, లాభం లేదు. ఏ కంపెనీ ముందుకు తోయలేదు. అమెరికా అనుమతి ఇచ్చేసరికి 1970 వచ్చింది.

కేడ్ 1952 నుంచి 1977 దాకా మెల్బోర్న్‌లోని రాయల్ పార్క్ మానసిక ఆసుపత్రికి అధిపతిగా ఉన్నాడు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. 1980 నవంబరు 16న చనిపోయాడు.

మన ఎండల్లో జాగ్రత్త

లిథియం వాడేవాళ్లకు కదిరి, అనంతపురం ఎండల్లో ఒక హెచ్చరిక. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఎండాకాలం శెనక్కాయ చేలో పని, కటిక ఉపవాసం, వాంతులు, విరేచనాలు ఇవన్నీ ప్రమాదమే. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. చేతులు బాగా వణకడం, తూలడం, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు చెప్పిన గడువులో రక్తపరీక్ష, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి. బాగుందని సొంతంగా మానేయకూడదు. మొదటి రోగి కథ గుర్తుంది కదా.

ఉద్యోగం వెతుకుతున్నవాళ్లకు

• 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా గుర్తించింది. వైకల్యం 40 శాతం, అంతకన్నా ఎక్కువని ధ్రువపత్రం ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో వీళ్లకూ చోటుంది. నోటిఫికేషన్‌లో ఏ పోస్టులు గుర్తించారో చూసుకోండి.

• 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమని కోరే హక్కు మీకుంది.

• నిద్రే మొదటి కాపలాదారు. నైట్ అవుట్ చదువులు, మారిపోయే నైట్ షిఫ్టులు ఈ జబ్బున్నవాళ్లకు మంచివి కావు. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతంతో పాటు వేళలు కూడా చూడండి.

• ఈ రంగంలో పని కూడా ఉంది. మానసిక వైద్యం, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్, సైకియాట్రిక్ నర్సింగ్ నాలుగింట్లోనూ మనుషుల కొరత ఉంది. మన పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ చేసిన ప్రయోగమే, 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది.

• మీకో, స్నేహితుడికో సాయం కావాలంటే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోవాలన్న మాట ఎవరి నోట విన్నా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా పక్కనుండి, ఆ ఫోన్ మీరే కలపండి.

వీలైతే వాళ్లతో పాటు మీరూ ఆ బెంగళూరు బస్సెక్కండి.