ముసలివారిని మంచం దింపిన డాక్టరమ్మ

వయసు మీరినవారికి జబ్బు చేస్తే ఇక మంచమే గతి అనుకోవడం మన పల్లెల్లోనే కాదు, ఒకప్పుడు లండన్‌లోనూ ఉండేది. దానిని మార్చిన వైద్యురాలు డాక్టర్ మార్జరీ వారెన్.

ఈమె 1897లో జన్మించారు. 1923లో వైద్యవిద్య పూర్తి చేసి, 1926లో లండన్ శివార్లలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో చేరారు. మొదట్లో ఈమె మక్కువ ఆపరేషన్ల మీదనే. 1935లో పక్కనున్న నిరుపేదల ఆశ్రమ వార్డులను ఆస్పత్రిలో కలిపారు. అక్కడి 714 మంది దీర్ఘరోగుల భారం ఈమెపై పడింది.

పక్షవాతం వచ్చినవారు, మతి తప్పినవారు, కాస్త ఆసరా ఇస్తే నడవగలవారు అందరూ కలగలిసి ఏళ్ల తరబడి మంచాలపై ఉన్నారు. కదలిక లేక కీళ్లు బిగుసుకుపోయాయి. వారెన్ ఒక్కొక్కరినీ స్వయంగా పరీక్షించి, జబ్బునుబట్టి వేరు చేశారు. వార్డులకు వెలుతురు పెంచారు. పట్టుకు నడిచేందుకు కమ్మీలు పెట్టించారు. వ్యాయామంతో మెల్లగా నడిపించారు. ఎందరో తిరిగి ఇల్లు చేరారు.

ఈ అనుభవాన్నంతా 1943లోనూ, 1946లోనూ వైద్య పత్రికలలో వివరించారు. వృద్ధుల వైద్యం ప్రత్యేక శాఖ కావాలని, పెద్దాస్పత్రులలోనే వారికి వార్డులుండాలని, విద్యార్థులకు దానిని బోధించాలని కోరారు. 1947లో ఏర్పడిన బ్రిటిష్ వృద్ధవైద్య సంఘం స్థాపకులలో ఈమె ఒకరు. 1960లో మోటారు ప్రమాదంలో కన్నుమూశారు.

ఇంట్లో పెద్దవారు మంచాన పడితే వయసైపోయిందని సరిపెట్టుకోక, జబ్బేమిటో డాక్టరుకు చూపించడమే వారెన్ జీవితం నేర్పే పాఠం.