అనంతాళ్వారుల తిరుమల కాపురము

కావేరీతీరమున శ్రీరంగక్షేత్రమందు భగవద్రామానుజులు (1017–1137) శిష్యులకు తిరువాయ్మొళి అర్థములను ఉపదేశించుచున్న కాలమది. నమ్మాళ్వారులు అందు మూడవ శతకమున వేంకటాద్రిని, అచటి పుష్పకైంకర్యమును కీర్తించిరి. ఆ ఘట్టము రాగానే ఆచార్యుల హృదయము ద్రవించెను. తిరుమలపై నివసించి, తోట పెంచి, శ్రీనివాసునకు నిత్యము పూమాలలు సమర్పింపగలవారు ఈ గోష్ఠిలో ఎవరైన కలరా అని వారడిగిరి.

గోష్ఠి నిశ్శబ్దమయ్యెను. ఆనాటి తిరుమల దట్టమైన అరణ్యము. చలి దుర్భరము. అంతకుమించిన కష్టము మరియొకటి కలదు: రామానుజుల సన్నిధిని విడుచుట ఆ శిష్యులకు ప్రాణములను విడుచుటతో సమానము. అట్టి సమయమున అనంతాచార్యులు ఒక్కరే లేచి అనుజ్ఞ వేడిరి. ఆ గోష్ఠిలో మగవాడు అతడే యని ఆచార్యులు మెచ్చుకొనిరి. అనంతాచార్యులే లోకమున అనంతాళ్వారులుగా ప్రసిద్ధులైరి.

వారికి ఎడబాటు క్రొత్త కాదు. మైసూరు ప్రాంతమున జన్మించి, రామానుజుల పాదములను ఆశ్రయింపగోరి ఇల్లు విడిచి శ్రీరంగము చేరినవారు. అచట కుదురుకొన్న కాపురమును మరల కదల్చవలసి వచ్చెను. ధర్మపత్నితో గూడ మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమును గడచి వారు తిరుమల చేరిరి. ధనమునకై గాని, పదవికై గాని చేసిన వలస కాదది. గురువాజ్ఞయే వారి మూట, ముల్లె.

తోటకు నీరు కావలెను గదా! చెరువు త్రవ్వుటకు దంపతులు పూనుకొనిరి. అనంతాళ్వారులు గునపముతో త్రవ్వగా, గర్భవతియైన ఆ సాధ్వి మట్టిని తట్టలకెత్తి దూరముగా పోసివచ్చుచుండెను. ఒకనాడు ఒక బాలుడు వచ్చి సాయము చేసెదనని వేడెను. ఆచార్యులు తమకు అప్పగించిన సేవలో అన్యులకు పాలు లేదని అనంతాళ్వారులు నిరాకరించిరి. బాలుడు వారి కంటబడకుండ ఆమెచేతి తట్టను అందుకొని మోయసాగెను. భార్య త్వరత్వరగా తిరిగివచ్చుట గమనించి, కారణము తెలిసికొని, అనంతాళ్వారులు కోపముతో గునపమును విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. రక్తము కారుచుండగా బాలుడు పరుగెత్తి అదృశ్యుడయ్యెను.

ఇచట ఆలయమున అర్చకులు స్వామి గడ్డమునుండి రక్తము స్రవించుట చూచి నివ్వెరపోయిరి. అనంతాళ్వారులు సన్నిధికి వచ్చి, జరిగినది గ్రహించి, దుఃఖముతో క్రుంగిపోయి, గాయమునకు పచ్చకర్పూరము అద్దిరి. స్వామి గడ్డమున నేటికిని కనిపించు కర్పూరపు బొట్టునకు ఇదియే మూలమని సంప్రదాయము చెప్పును. ఆ గునపమును మహాద్వారమువద్ద యాత్రికులు దర్శించుచున్నారు.

సేవ తమ కుటుంబమునకే చెందవలెనని అనంతాళ్వారులు పట్టుపట్టిరి. ఆ పట్టుదలలో దోషము లేదు. కాని పరాయివాడని వారు తరిమిన బాలుడే ఆ కుటుంబమునకు పెద్ద దిక్కు. గర్భవతి మోయు బరువును చూచి ఓర్వలేక, పిలువకున్నను వచ్చి తట్ట ఎత్తినవాడు. క్రొత్తచోటికి వచ్చిన ఆ దంపతులకు బంధువెవరో నాడు తేటపడెను.

చెరువు నిండెను, తోట పూచెను. తరువాత రామానుజులు తిరుమలకు వేంచేసి, ఆ తోటను కన్నులార చూచి, ఇట్టి శిష్యుని పెంచినందులకు ఫలము దక్కినదని పరవశించిరి.

వారి మనస్సు ఆ కొండపై ఎంతగా నాటుకొనెనో తెలుపు కథ మరియొకటి కలదు. ఒకమారు ప్రయాణమై కొండ దిగి, దారిలో ప్రసాదపు మూట విప్పగా అందు చీమలు కనబడెను. ఆ కొండపై ఏదో యొక వస్తువుగానైన ఉండవలెనని కులశేఖరాళ్వారులు కోరిరి. అట్టి కోరికతో అచట జన్మించిన జీవులేమో యని తలచి, అనంతాళ్వారులు వెనుకకు మరలి, కొండయెక్కి, చీమలను వాని నెలవునకు చేర్చిన పిదపనే ప్రయాణము సాగించిరి. తాము ఇల్లు విడిచి వచ్చినవారు గనుక, ఇల్లు తప్పిన చీమ బాధయు వారికి తెలియును.

పరమపదించిన పిమ్మట వారు తమ తోటలోనే పొగడచెట్టుగా నిలిచిరని పెద్దల విశ్వాసము. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు మలయప్పస్వామి ఉభయనాంచారులతో ఆ తోటకు వేంచేయుదురు. దానినే బాగ్ సవారి యందురు. ఒకనాడు స్వామిసేవకై అంతదూరము నడచివచ్చిన ఇంటికి, ఏటేట స్వామియే నడచివచ్చుచున్నాడు.