రక్తం మాత్ర వెనకుండే మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు గారు

పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్ళు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీలో ఒక పెద్దాయన జీవితం చెప్పాలనుకున్నాం. ఆయన పేరు మనలో చానామందికి తెలియదు. ఆయన కష్టపడి సాధించిన మందు మాత్రం మనందరి ఇండ్లకూ వచ్చింది. గర్భిణులకు ఏఎన్ఎం ఇచ్చే ఎర్ర మాత్రను మనం రక్తం మాత్ర అంటాం. దాంట్లో రెండు మందులు ఉంటాయి. ఒకటి ఐరన్, రెండోది ఫోలిక్ యాసిడ్. ఈ ఫోలిక్ యాసిడ్‌ను మొదట తయారు చేసిన శాస్త్రవేత్తల బృందాన్ని నడిపించింది మన తెలుగు మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. పిల్లోడికి చదువు మీద మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరినాడు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసైనాడు. రెండుసార్లు తప్పిన పిల్లోణ్ణి చదువు మానిపించి పనికి పంపే ఇండ్లు మన ఊర్లలో ఎన్ని లేవు? వెంకమ్మ గారు ఆ పని చేయలేదు. ఆయన కథలో మొదట తలుచుకోవాల్సింది ఆ తల్లినే.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు చదువుకు చేరినారు. అది గాంధీజీ ఉద్యమం నడిచే కాలం. సుబ్బారావు గారు ఖద్దరు కట్టినారు. అది అక్కడి తెల్ల ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికిచ్చినారు. ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో చనిపోయినారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడినారు. ఈ జబ్బులకు మందు కనిపెట్టాలనే పట్టుదల అప్పటి నుంచే ఆయనలో గట్టిపడింది.

1919లో శేషగిరి గారితో పెండ్లయింది. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తే 1922లో అమెరికాలోని బోస్టన్ నగరానికి పోయినారు. చదువుకు సీటు దొరికింది గానీ చేతిలో డబ్బు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు. డాక్టరు చదువు చదివిన మనిషి అయినా ఆ పనికి సిగ్గుపడలేదు.

కొన్నేండ్లలో తిరిగి వస్తాడని శేషగిరి గారు ఎదురుచూసింది. ఆయన మళ్ళీ మన దేశానికి రాలేదు. ఆయన పోయినాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయినాడు. ఆ బిడ్డ మొహం తండ్రి చూడనే లేదు. కువైట్‌కు పోయిన మనిషి కోసం ఏండ్ల తరబడి దోవ చూసే కష్టం ఎట్లుంటుందో మన కడప జిల్లా ఆడవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఆమె కష్టాన్ని పక్కన పెట్టకూడదని మా అభిప్రాయం.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన మొదట చేసిన పెద్ద పని రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి. అది 1925లో ఫిస్కే అనే ప్రొఫెసరుతో కలిసి చేసినారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి పోయి, తర్వాత అక్కడి పరిశోధనకు పెద్ద అయినారు.

ఫోలిక్ యాసిడ్ కథ మన దేశంలోని ఆడకూలీలతో మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక చనిపోతా ఉంటే కారణం ఏమని వెతికింది. ఈస్ట్ నుంచి తీసిన ఒక చవక పదార్థం తినిపిస్తే వాళ్ళకు రక్తం పట్టిందని 1931లో ప్రకటించింది. దాంట్లో ఉన్న మందు ఏమిటో అప్పట్లో ఎవరికీ తెలియలేదు. 1941లో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీదుగా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టినారు. టన్నుల కొద్దీ ఆకుకూర వాడితే వచ్చేది రవ్వంత. అట్లయితే పేదోళ్ళకు ఎప్పటికి అందాల? సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేసే దారి కనుక్కుంది. ఆకులతో పని లేకుండా ఎంత కావాలంటే అంత చేసుకునే వీలు వచ్చింది. స్ప్రూ రోగులకు కూడా ఈ మందు పనిచేసింది. అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న జబ్బుకు ఆయన చేతి మీదుగానే మందు వచ్చింది.

ఈ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందును కూడా ఆయన బృందమే చేసింది. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సరు వచ్చిన 16 మంది పిల్లలకు అది ఇస్తే 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ విషయం 1948లో బయటికి వచ్చింది. దాని చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్తక్యాన్సరుకు వాడతారు. బోదకాలు మందు కూడా ఆయన బృందం తెచ్చిందే. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసులో, న్యూయార్కులో సుబ్బారావు గారు కన్నుమూసినారు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరున తపాలా బిళ్ళ వేసింది.

ఇంక మన విషయానికి వస్తాం. మాత్ర మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని, బిడ్డ నల్లగా పుడుతుందని మన ఊర్లలో అంటా ఉంటారు. రెండూ నిజం కాదు. విరేచనం నల్లగా వస్తే భయపడాల్సిన పని లేదు, అది ఐరన్ వల్ల. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాల. టీ, కాఫీలతో, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. నిమ్మకాయ నీళ్ళు మంచివి. గర్భిణికి 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొక మాత్ర. చిన్నపిల్లలకు అందకుండా పెట్టాల, ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు.

ఇంకొక ముఖ్యమైన మాట. కడుపులో బిడ్డ వెన్నుపాము మొదటి నాలుగు వారాల్లోనే ఏర్పడుతుంది. నెల తప్పిందని మనకు తెలిసేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. వెన్నుపాము లోపంతో ఒక బిడ్డను కన్న తల్లులకు మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం నూటికి 70కి పైగా తగ్గిందని 1991లో ఇంగ్లండు డాక్టర్లు తేల్చినారు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే, గర్భం రాకముందే, ఏఎన్ఎంను అడిగి మొదలుపెట్టాల. కొత్తగా పెండ్లయిన కోడండ్లకు ఈ మాట చెప్పాల్సింది అత్తలమైన మనమే. తోటకూర, మునగాకు, పెసలు, అలసందలు, మన చేన్లలో పండే చెనక్కాయలు తినాల. ఆకుకూర మరీ ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే దాంట్లోని ఫోలిక్ యాసిడ్ పోతుంది. తిండి ఎంత మంచిదైనా గర్భిణికి మాత్ర మాత్రం తప్పదు.

సంఘం మీటింగులో కిస్తీ కట్టినారా అని ప్రతిసారీ అడుగుతాం. సంఘంలో ఏ ఇంట్లో గర్భిణి ఉన్నా, మాత్ర వేసుకుంటా ఉందా అని కూడా అదే మీటింగులో అడుగుదాం. అట్టలోని మాత్రలు లెక్క చూడడానికి రెండు నిమిషాలు చాలు.