రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మ: వికలాంగ బిడ్డలకు ఆమె చూపిన దారి

సంక్షేమము అన్న మాట మన సంఘం పేరులోనే ఉన్నది. రోజూ వాడే మాటే కనుక దాని బరువు మనకు అంతగా తెలియదు. ఆ మాటను కాగితం మీదనుండి పల్లెటూరి గడప దాకా నడిపించిన మహనీయురాలు మన గోదావరి ఒడ్డునే పుట్టినారు. ఆమె శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. స్వాతంత్ర్య యోధురాలిగా, న్యాయవాదిగా ఆమెను ఎరగనివారు లేరు. కాలు చచ్చుబడిన బిడ్డ కోసం, చూపు లేని బిడ్డ కోసం ఆమె చేసిన పని మాత్రం తక్కువమందికి తెలుసు. ఆ సంగతి నలుగురికీ చెప్పాలనే ఈ జీవితగాథను ఇక్కడ రాస్తున్నాము.

బాల్యము

దుర్గాబాయమ్మ 1909 జులై 15న రాజమండ్రిలో జన్మించినారు. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లిని ఆమె ఒప్పుకోలేదు. ఇంగ్లీషు చదువు మీద నిరసనతో చిన్నతనంలోనే బడి మానేసి, హిందీ నేర్చుకుని, ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల పెట్టినారు. నేర్చుకునే వయసులోనే నేర్పడం మొదలుపెట్టిన మనిషి ఆమె.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినారు. దుర్గాబాయమ్మకు అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. ఊళ్లో దేవదాసీ స్త్రీలు ఉన్నారు, పరదా దాటి బయటకు రాని ముస్లిం స్త్రీలు ఉన్నారు. పెద్ద సభకు వీరెవరూ రాలేరు. మహాత్ముణ్ణి వీరి దగ్గరకే తీసుకురావాలని ఆ పిల్ల పట్టుబట్టింది. నిధికి ఐదువేల రూపాయలు పోగుచేస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామని పెద్దలు చెప్పినారట. ఆ స్త్రీలే డబ్బు పోగుచేశారు. ఐదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంట దాటినా కదలలేదు. ఆడవాళ్లు ఒంటిమీది గాజులు, గొలుసులు తీసి ఆయన ముందు పెట్టినారు. అటుపైన జరిగిన పెద్ద సభలో ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పే భాగ్యం ఆ పిల్లకే దక్కింది.

ఈ ముచ్చట ఎందుకు చెప్పినామంటే, ఆమె జీవితమంతా ఇందులో ఉన్నది. సభకు రాలేనివారు ఎవరని ముందు చూడటం, వారి దగ్గరకే సభను నడిపించడం. తరువాత అరవై ఏళ్లు ఆమె చేసిన పనంతా ఇదే.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభకు మౌలానా మహమ్మద్ అలీ గారు అధ్యక్షత వహించినారు. అక్కడి ప్రదర్శన వాకిట పద్నాలుగేళ్ల దుర్గాబాయమ్మ కార్యకర్తగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపేశారు. టిక్కెట్టు కొన్నాకే ఆయన లోపలికి వెళ్లినారు. నియమం చిన్నవాడికీ పెద్దవాడికీ ఒకటే కదా!

జైలు నుండి చదువుకు

1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆమె మద్రాసులో అరెస్టయినారు. తరువాతి మూడేళ్లలో పలుమార్లు జైలుకు వెళ్లినారు. మధుర జైలులో ఒంటరి కొట్టులో పెట్టడంతో ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. చేసిన నేరమేమిటో కూడా సరిగా తెలియని నిరుపేద స్త్రీలు జైళ్లలో మగ్గటం ఆమె కళ్లారా చూశారు. వీళ్ల తరపున మాట్లాడాలంటే చట్టం తెలియాలని అక్కడే నిశ్చయించుకున్నారు. బయటకు వచ్చాక బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఏ., మద్రాసులో లా పూర్తి చేశారు. ఆడపిల్లలకు హాస్టలు లేదంటే, చదవగోరే ఆడపిల్లలను తానే కూడగట్టి హాస్టలు పెట్టించినారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ జరిగింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను రెండేళ్లలో మెట్రిక్‌కు తయారు చేయటం, చేతిపని నేర్పటం, నర్సు శిక్షణ ఇవ్వటం అక్కడి పనులు. సాయం అంటే బియ్యం, బట్టలు ఇచ్చి పంపేయటం కాదని, రేపటినుంచి తన కాళ్లమీద తాను నిలబడేటట్టు చేయటమని ఆ సంస్థ చూపించింది.

బిడ్డ కాలికి ఊత, చేతికి పని

ఆ రోజుల్లో పోలియో అంటే తల్లుల గుండె జారిపోయేది. రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గేది, తగ్గాక చూస్తే బిడ్డ కాలు లేచేది కాదు. వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలను ఆ క్రిమి చంపేస్తుంది. పోయిన కణాలు తిరిగిరావు. అయితే వ్యాయామంతో, శస్త్రచికిత్సతో, ఇనుప పట్టీల కాలిపర్లతో ఆ బిడ్డను నిలబెట్టవచ్చు. ఈ సంగతి తెలియక, తెలిసినా డబ్బులేక, ఎందరో బిడ్డలు నేలమీద పాకుతూ పెరిగినారు.

ఇటువంటి బిడ్డల కోసమే ఆంధ్ర మహిళాసభ మద్రాసులో ఈశ్వరీప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ సెంటర్‌ను నడిపింది. అలాగే బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలిగా దుర్గాబాయమ్మ చూపులేని పిల్లలకు హాస్టలుతో కూడిన బడినీ, చిన్న ఇంజనీరింగు పనుల వర్క్‌షాపునూ ఏర్పాటు చేశారు. గుడ్డివాడికి పాటో, బుట్టల అల్లికో తప్ప మరోటి రాదనుకునే కాలంలో యంత్రం దగ్గర కూర్చోబెట్టి పని నేర్పించటం సామాన్యమైన విషయమా? జాలితో పెట్టిన అన్నం ఒక పూటకే. చేతికొచ్చిన పని మాత్రం జీవితాంతం అన్నం పెడుతుంది.

చట్టము, నిధి, మనుషులు

స్వతంత్ర భారత రాజ్యాంగం రాసిన సభలో ఆమె సభ్యురాలు. నిరుద్యోగం, వార్ధక్యం, వ్యాధి, అంగవైకల్యం కలిగినప్పుడు ప్రభుత్వం తన శక్తికొద్దీ సాయపడాలని 41వ అధికరణం చెబుతున్నది. 1953లో కేంద్ర ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారిని వివాహమాడినారు. ఆ ఏడే ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనారు.

ఆ బోర్డు పద్ధతి మన సంఘాల వారందరూ తెలుసుకోదగ్గది. సేవ చేసే మనుషులు ఊరూరా ఉన్నారు, వారికి లేనిది డబ్బు, శిక్షణ. అందుచేత కొత్త ఆఫీసులు కట్టే బదులు, ఉన్న స్వచ్ఛంద సంస్థలకే గ్రాంటు ఇచ్చి, స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు చదువు, శిక్షణ, పునరావాసం కల్పించే పని వారిచేతనే చేయించినారు. ఆ బోర్డును 2022లో మూసివేశారు. బోర్డు పోయినా పద్ధతి పోలేదు.

1975లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది కూడా ఆ 1981నే.

ఇక మన వంతు

పోలియో మన దేశంలో చివరిసారి 2011 జనవరిలో కనిపించింది. 2014లో దేశం పోలియో రహితమని ప్రకటించారు. చుక్కలమందు గెలిచింది. కానీ మెదడు ఎదుగుదల తగ్గినవారు, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్నవారు, వినలేనివారు, చూడలేనివారు మన వాడల్లో ఉన్నారు. కొందరిని చుట్టాలొస్తే వెనకగదిలో కూర్చోబెడుతున్నాము. చెల్లెలి పెళ్లి సంబంధం చెడుతుందని అన్నను దాచేసే ఇళ్లున్నాయి. నేను పోయాక వీడిని ఎవరు చూస్తారన్నది ఆ తల్లి దిగులు. పైకి చెప్పుకోలేదు, లోపల దాచుకోలేదు.

నేడు చట్టం ఆ తల్లి పక్షాన ఉన్నది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు అన్నది. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు దాటాక సంరక్షకుణ్ణి నియమించుకునే వీలు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉన్నది. మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షను 2024లో నెలకు 6,000 రూపాయలైంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. ఇన్ని ఉన్నా, సదరం సర్టిఫికెట్టు లేక, దానికోసం ఎక్కడికెళ్లాలో తెలియక, బిడ్డను ఎత్తుకుని బస్సెక్కే ఓపిక లేక ఆగిపోయిన కుటుంబాలు ఎన్నో.

కనుక మనం చేయవలసినది పెద్ద పనేమీ కాదు. ప్రతి వాడలో ఇటువంటి బిడ్డలున్న ఇళ్లు ఏవో తెలుసుకుందాం. సర్టిఫికెట్టు క్యాంపుకు ఆ తల్లి వెంట ఒకరు వెళదాం. కుట్టుమిషను దగ్గరో, మెకానిక్ షెడ్డులోనో, కంప్యూటరు ముందో ఆ బిడ్డకు చోటివ్వమని తెలిసిన యజమానులను అడుగుదాం. శుభకార్యాలకు పిలిచేటప్పుడు ఆ బిడ్డను కూడా పేరుపెట్టి పిలుద్దాం.

సభకు రాలేనివారి వాకిటికే సభను నడిపించింది ఆనాటి కాకినాడ పిల్ల. ఆమె విగ్రహానికి దండ వేయటం తేలికే. వెనకగది తలుపు తీయటమే ఆమెకు మనమర్పించే నిజమైన నివాళి.