ఉత్తరములకు దారి వేసిన పోస్టెల్

తోకలేని పిట్ట తొంబది ఆమడలు పోవునని మన పల్లెలలో ఒక పొడుపుకథ కలదు. విప్పినచో అది ఉత్తరమని తేలును. నేడు ఆ పిట్టకు కాగితపు ఒడలు కూడ లేదు. శ్రీకాకుళమున ఒకరు కంప్యూటరుపై వ్రాసిన జాబు కొలది క్షణములలో అమెరికాలోనున్న బంధువునకు చేరుచున్నది. ఆ ఇరువురి యంత్రములు వేర్వేరు కర్మాగారములలో తయారైనవి కావచ్చును. వాని లోపలి అమరిక వేరు. నడుమనున్న తీగలును, కేంద్రములును పలువురు యజమానులవి. అయినను జాబు దారి తప్పుట లేదు. ఒకదాని సంగతి ఒకటి యెరుగని ఈ యంత్రముల నడుమ ఒడంబడిక ఎట్లు కుదిరినది? కుదిర్చినవారు పెక్కుమంది కలరు. కాని వారిలో దాదాపు ముప్పది ఏండ్లు ఆ ఒడంబడికల చిట్టా చేతబట్టి కూర్చున్నవాడు జోనాథన్ పోస్టెల్.

పోస్టెల్ 1943వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియాలో, అల్టడీనా అను ఊర జన్మించెను. వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివెను. పిమ్మట ఇంటర్నెట్టు నిర్మాతలుగా పేరుగాంచిన వింటన్ సెర్ఫ్, స్టీఫెన్ క్రాకర్ అనువారును ఆ పాఠశాలలో చదివినవారే. ఒక్క బడి ముగ్గురిని లోకమునకు ఇచ్చినది! బడులు నడపిన వారికి ఇట్టి మాట వినుటకంటె వేరు సంతోషము ఏమి కలదు? తరువాత అతడు లాస్ ఏంజలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరి 1966లో పట్టభద్రుడయ్యెను. 1968లో ఎం.ఎస్. పట్టమును, 1974లో కంప్యూటరు శాస్త్రమున డాక్టరు పట్టమును అచ్చటనే పొందెను.

అతడు విద్యార్థిగా నున్న కాలముననే ఆ విశ్వవిద్యాలయములో ఒక గొప్ప ప్రయత్నము ఆరంభమైనది. అమెరికా రక్షణశాఖకు చెందిన పరిశోధనసంస్థ ధనమిచ్చి, దూరదూరమున నున్న కంప్యూటరులను తీగలతో కలుప దలచినది. ఆ వలకు ఆర్పానెట్ అని పేరు. 1969వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ రాత్రి, లాస్ ఏంజలిస్ నుండి సుమారు 350 మైళ్ల దూరమున నున్న స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థకు మొదటి సందేశమును పంపిరి. పంపదలచిన మాట ఐదక్షరములది. రెండక్షరములు చేరునప్పటికి అవతలి యంత్రము కూలబడినది! సుమారు ఒక గంటకు మరల పంపగా పని నెరవేరినది. ఆ వలపై రాకపోకలను కొలుచు కేంద్రము ప్రొఫెసరు క్లైన్‌రాక్ ఆధ్వర్యవమున నడచుచుండెను. పోస్టెల్ ఆ కేంద్రమున పనిచేసెను.

తీగ వేసినంత మాత్రమున సంభాషణ కుదురదు. ఎవరు ముందు పలుకవలెను, ఎట్లు బదులు చెప్పవలెను, మాట ముగిసినదని ఎట్లు తెలియవలెను అను నియమములు ఉండవలెను. వీనిని ఏర్పరచిన వారిలో పలువురు విద్యార్థులు. ఆజ్ఞాపించుటకు తమకు అధికారము లేదని యెరిగి, తమ వ్రాతలకు వారు వ్యాఖ్యలకై అభ్యర్థనములని వినయముతో పేరిడిరి. మొదటి దానిని 1969 ఏప్రిల్‌లో క్రాకర్ వ్రాసెను. వానికి సంఖ్యలిచ్చుట, తప్పులు దిద్దుట, అందరికిని అందజేయుట అను పని పోస్టెల్‌పై పడినది. ఆ పనిని అతడు ప్రాణమున్నంతవరకు విడువలేదు.

మరియొక పని ఇంతకంటె చిన్నదిగా కనబడును. ఒక కంప్యూటరును తాలూకా కచేరిగా ఊహింపుడు. అందు శిస్తులకొక గది, దస్తావేజులకొక గది, జాబులకొక గది ఉండును. వచ్చినవాడు ఏ తలుపు తట్టవలెనో తెలియకున్నచో పని కాదు. ఒక్కొక్క ఊర ఒక్కొక్క తలుపు జాబులదైనచో గందరగోళమే. కావున ప్రతి పనికిని లోకమంతట ఒకే తలుపు సంఖ్య ఉండవలెను. 1972వ సంవత్సరము మే నెలలో పోస్టెల్ ఒక చిన్న వ్రాత ప్రకటించెను. ఈ సంఖ్యలను పంచుటకు ఒక్క మనుష్యుడుండిన మేలని అందులో సూచించి, తానే ఆ మనుష్యుడు కావచ్చునా యని ప్రశ్నార్థకముతో అడిగెను. కాదన్నవారు లేరు. నాటినుండి సంఖ్య కావలసినవాడు పోస్టెల్‌ను అడుగుటయు, అతడు వ్రాసికొని ఇచ్చుటయు ఆచారమైనది. జాబులు పంపుటకు 25వ తలుపు అట్లు స్థిరపడినది.

1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు జాబు పంపు ఉపాయము కనిపెట్టెను. నాలుగేండ్లలోనే, అనగా 1975 నవంబరులో, పనికిమాలిన జాబులు వచ్చి పడినచో వానిని నిరాకరించు వీలు యంత్రమునకు లేదని పోస్టెల్ హెచ్చరించుచు ఒక వ్రాత వ్రాసెను. నేడు అడుగని ప్రకటనలతో నిండిన పెట్టెలను చూచువారు ఆయన దూరదృష్టిని మెచ్చక మానరు.

విశ్వవిద్యాలయము విడిచిన పిదప కొంతకాలము ఇతర సంస్థలలో పనిచేసి, 1977 మార్చిలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సమాచారశాస్త్ర సంస్థలో చేరెను. తుదివరకు అచ్చటనే ఉండెను. ఇంటర్నెట్టునకు పునాది యనదగిన నియమములను 1981 సెప్టెంబరులో సంపాదకుడై ప్రకటించెను. అందు ఆయన పేరిట నిలిచిన సూత్రమొకటి కలదు. ఒక యంత్రము తాను పంపునపుడు నియమమును అణుమాత్రము మీరరాదు. ఇతరులు పంపినది కొంచెము వంకరగా నున్నను, అర్థమగునేని స్వీకరింపవలెను. ఈ ఓర్పు అతిగా చూపినచో దోషములు దాగి పెరుగునని తరువాతి ఇంజనీరులు కొందరు ఆక్షేపించిరి. అందును నిజము లేకపోలేదు. కాని పసితనములో నున్న ఆ వల తెగిపోకుండుటకు ఆ ఓర్పే తోడ్పడినది.

1982 ఆగస్టులో పోస్టెల్ వ్రాసి ప్రకటించిన సరళ తపాలా బదిలీ నియమావళి మన కథకు ముఖ్యము. దీనిని ఎస్.ఎం.టి.పి. యందురు. ఇందు రెండు యంత్రములు ఇరువురు గుమాస్తాలవలె మాటలాడుకొనును. పంపునది 25వ తలుపు తట్టి, హెలో యని పలికి, తన పేరు చెప్పును. తరువాత జాబు ఎవరినుండి వచ్చినదో, ఎవరికి పోవలెనో తెలుపును. అవతలిది ప్రతి మాటకును మూడంకెల సంఖ్యతో బదులిచ్చును. 250 అనగా సరే యని భావము. 550 అనిన, అట్టి పెట్టె ఇచ్చట లేదనియు జాబు తీసికొనమనియు గ్రహింపవలెను. పిదప జాబు చదువబడును. ముగింపునకు గుర్తు ఒక పంక్తిలో ఒంటరిగా నున్న చుక్క. జాబులోనే చుక్కతో మొదలగు పంక్తి ఉన్నచో ఏమగును? పంపునది ముందు మరియొక చుక్క చేర్చును, అందుకొనునది దానిని తొలగించును. ఇంత చిన్న సందేహమును కూడ ముందుగనే తీర్చుట చూడుడు! జాబు తీసికొన్న యంత్రము దానిని చేర్చవలెను, చేర్చలేనిచో పంపినవానికి ఆ సంగతి తెలుపవలెను.

ఇట్లు జాబు పెట్టెకు చేరినది. దానిని చదువువాడు ఎట్లు తెచ్చుకొనును? తొలిదినములలో అందరును రాత్రింబగళ్లు నడచు పెద్ద యంత్రమునొద్దనే చదువుకొనెడివారు. చిన్న కంప్యూటరులు వచ్చిన పిదప చిక్కు వచ్చినది. అవి రాత్రి ఆరిపోవును, ఆరినదాని తలుపు తట్టిన పలుకదు. తపాలాబంట్రోతు రాని ఊళ్లలో జనులు తామే పోస్టాఫీసునకు పోయి జాబులడిగి తెచ్చుకొందురు గదా! ఆ పద్ధతినే పోస్టాఫీసు ప్రోటోకాల్ అను పేర 1984 అక్టోబరులో పోస్టెల్ సహోద్యోగిని జాయిస్ రెనాల్డ్స్ ప్రకటించెను. 1985లో వెలువడిన రెండవ కూర్పు రచయితలలో పోస్టెల్ ఒకడు.

ఇందులో జాబులను సాధారణముగా ఇంటికి మోసికొనిపోవుదురు. రెండు యంత్రములున్నవానికి ఒక జాబు ఇచ్చట, వేరొకటి అచ్చట పడును. జాబులు పెట్టెలోనే ఉండగా ఎన్ని చోట్లనుండియైనను చూచుకొనునట్టి ఐమాప్ అను పద్ధతిని 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ కనిపెట్టెను. నేడు ఒక దుకాణము కొనుగోలుదారుల జాబులను తన వెబ్ అనువర్తనములో చూపదలచినచో ఈ పద్ధతి ఉపయోగపడును. పెట్టెలోని ప్రతి జాబునకును ఒక సంఖ్య ఉండును. అనువర్తనము తాను చూచిన చివరి సంఖ్యను జ్ఞాపకముంచుకొని, మరుసటిమారు దానికి పైసంఖ్యలు గల జాబులనే అడుగును. ఈ లెక్క మరచినచో ఒకే ఫిర్యాదు రెండుమారులు ఎక్కును, లేదా ఒకటి ఎక్కకయే పోవును. పెట్టెలోని సంఖ్యలు ఎపుడైన మొదటినుండి వేయబడినచో, పెట్టె ఆ మార్పును వేరొక సంఖ్యచే తెలుపును; అనువర్తనము పాత లెక్క చెరిపి క్రొత్తగా మొదలిడవలెను. పూర్వము ఇట్టి పనికి యజమాని తన రహస్యపదమునే ఇచ్చెడివాడు. అది ఇంటి తాళపుచెవి ఇచ్చినట్లు. ఇప్పుడు, కావలసినపుడు రద్దు చేయదగిన అనుమతిచీటీ ఇచ్చుట వాడుకలోనికి వచ్చినది. ఈ చీటీలు పోస్టెల్ అనంతరము వచ్చినవి. కాని తలుపుల సంఖ్యలు ఆయన చిట్టాలోనివి. 1994 అక్టోబరున ఆయనయు రెనాల్డ్సును ప్రకటించిన పట్టికలో జాబు పంపుటకు 25, తెచ్చుకొనుటకు 110, పెట్టెలోనే చూచుటకు 143 అని కలదు.

ఊళ్ల పేర్ల సంగతియు ఆయనకే వచ్చినది. యంత్రములకు అంకెలేకాక పేర్లుండవలెనని పాల్ మొకాపెట్రిస్‌చే 1983లో ఒక ఏర్పాటు చేయించెను. ప్రతి దేశమునకును రెండక్షరముల తోక ఒకటి నిర్ణయింపవలసి వచ్చినది. ఏది దేశము, ఏది కాదు అనునది రాజ్యములే పోరాడు విషయము. పోస్టెల్ ఆ తగవులోనికి పోక, అంతర్జాతీయ ప్రమాణసంస్థవారి పట్టికలో నున్నదే దేశమని ఊరకొనెను. అట్లు 1989లో భారతదేశమునకు ఇన్ అను తోక లభించినది. మన దేశపు అనేక చిరునామాల చివర నేటికిని కనబడునది అదియే.

మనిషి చూచుటకు మునివలె ఉండెడివాడు. పొడవైన గడ్డము, పొడవైన జుట్టు, కాళ్లకు చెప్పులు. వీపున మూట కట్టుకొని సియెరా నెవాడా కొండలలో నడచుట ఆయనకు ప్రియము. తన పేరు నలుగురిలో వినబడవలెనను కోరిక ఉండెడిది కాదు.

కాని లోకము మారినది. 1995 సెప్టెంబరునుండి పేర్లు నమోదు చేయు కంపెనీ ఏటికి 50 డాలరుల రుసుము వసూలు చేయసాగినది. డబ్బు వచ్చినచోట తగవులు వచ్చును. ఈ పట్టికలపై అధికారమెవరిది? ప్రభుత్వముదా, కంపెనీదా, శాస్త్రజ్ఞులదా? 1998 జనవరి 28న పోస్టెల్ ఒక సాహసము చేసెను. పేర్ల మూలపట్టికను పెట్టుకొన్న యంత్రములు పదమూడు. ప్రధానయంత్రము ఆ కంపెనీ చేతిలో ఉండెను. తక్కిన పన్నెండింటిలో ఎనిమిదింటి నిర్వాహకులకు జాబు వ్రాసి, ఇకమీదట తన యంత్రమునుండి పట్టిక తీసికొనుడని కోరెను. ఎనమండుగురును మారుమాటాడక అట్లే చేసిరి. ఒక్క జాబుతో ఇంటర్నెట్టు మార్గము సగమునకు పైగా ఆయనవైపు తిరిగినది! అధ్యక్షుడు క్లింటన్ సలహాదారైన ఐరా మాగజైనర్ వెంటనే టెలిఫోనులో అభ్యంతరము తెలిపెను. కొలది దినములలో పోస్టెల్ యథాస్థితి నెలకొల్పెను. అది పరీక్ష మాత్రమే యని ఆయన చెప్పెను. అధికారము ఎవరి చేతనున్నదో చూపుటయే యని పలువురు తలచిరి. ఆ ఎనమండుగురు వినినది ఉత్తరువునకు కాదు, నమ్మకమునకు. అయినను ఒక్క మనుష్యుని మంచితనముపై ఇంత పెద్ద వ్యవస్థ నిలుచుట ఎంత అపాయమో ఆ దినమున అందరికిని తెలిసినది.

పోస్టెల్‌కును తెలియును. తన చిట్టాను ఒక సంస్థకు అప్పగించు పనికి ఆయనయే పూనుకొనెను. 1998 సెప్టెంబరులో ఐకాన్ అను సంస్థ ఏర్పడినది. అక్టోబరు 16వ తేదీన, గుండెకవాటమునకు జరిగిన శస్త్రచికిత్స పిదప వచ్చిన చిక్కులవలన, పోస్టెల్ లాస్ ఏంజలిస్‌లో మరణించెను. అప్పటికి ఏబదియైదేండ్లు. మరునాడు సెర్ఫ్ తన మిత్రుని స్మరించుచు వ్రాసినది, ఆయన ఇన్నేండ్లు దిద్దిన అభ్యర్థనముల వరుసలోనే 2468వ సంఖ్యతో వెలువడినది.

2002 జనవరిలో రెనాల్డ్స్ ఒక చిన్న ప్రకటన చేసి, అచ్చుపట్టికకు బదులు ఇకమీదట కంప్యూటరులోని పట్టికయే ప్రమాణమని తెలిపెను. ఆ పట్టికపై అమెరికా ప్రభుత్వపు పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసినది. జాబులు పంపు యంత్రములు మాత్రము నేటికిని 25వ తలుపునే తట్టుచున్నవి.